ఉమ్మడి తోటలో వంతుల పని: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో కాలనీ ఖాళీ స్థలాల్లోనో, అపార్ట్‌మెంట్ వెనక జాగాలోనో నలుగురూ కలిసి కూరగాయలు పండించుకునేవాళ్ల కోసం ఈ పేజీ. ఇందులో లెక్కలన్నీ 24 కుటుంబాలు, 24 మడులు ఉన్న తోటను ఉదాహరణగా తీసుకుని వేసినవి. ఒక్కో మడి 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. 4 అడుగులు దాటితే మడి తొక్కకుండా మధ్యకు చెయ్యి అందదు. మీ తోట కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

ఎవరి మడి వాళ్లు చూసుకుంటే చాలదా? ఉమ్మడి పనులంటూ ఎందుకు?

పైపు, మోటారు, కంపోస్టు గుంట, దారులు, కంచె, నారుమడి, సామాను షెడ్డు ఎవరి మడిలోనూ ఉండవు. వీటిలో ఏ ఒక్కటి చెడినా దెబ్బ అన్ని మడులకూ తగులుతుంది. డ్రిప్ (మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు వదిలే పైపుల) ఫిల్టరు పూడుకుపోయిన సంగతి వారం పాటు ఎవరూ చూడకపోతే చివరి వరుసలో వంగ మొక్కలు వాడిపోతాయి. ఆ వరుసవాళ్లు తెగులనుకుని మందు కొడతారు. జబ్బు ఒకచోట, వైద్యం ఇంకోచోట. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. "అందరం చూసుకుందాంలే" అనుకున్న పని ఎవరూ చూడరు. ప్రతి పనికీ ఒక పేరు, ఒక రోజు రాసి ఉండాలి.

మొత్తం పని ఎంత ఉంటుంది? ఇంటికి ఎంత పడుతుంది?

పంచే ముందు కొలవండి. గొడవల్లో చాలా భాగం ఎంత పని ఉందో తెలియకుండా పంచుకోవడం వల్లే వస్తాయి.

ఎండాకాలంలో వారానికి లెక్క ఇలా వస్తుంది. నీళ్లకు రోజుకు ఇద్దరు, గంట చొప్పున 14 గంటలు. దారులు, గట్ల మీద కలుపుకు 6. నారుమడికి రోజూ అరగంట, అంటే మూడున్నర. కంపోస్టుకు 3. డ్రిప్, పైపులకు గంటన్నర. పనిముట్లకు ఒకటి, చెత్త, దోమల పనికి ఒకటి. మొత్తం 30 గంటలు. 24 ఇళ్లకు పంచితే ఇంటికి వారానికి గంటంబావు. చలికాలంలో నీళ్లు రోజు విడిచి రోజు చాలు కాబట్టి ఇంటికి గంటలోపే. "తోట పని చేసే తీరిక మాకెక్కడిది" అనే ఇళ్లు కూడా ఈ అంకె చూశాక సాధారణంగా ఒప్పుకుంటాయి. సొంత మడి పని దీనికి అదనం, అది ఎవరిష్టం వాళ్లది.

అన్ని పనులూ వంతులవారీగా తిప్పాలా?

వద్దు. కొత్త తోటలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. రోజూ ఒకేలా ఉండి, పది నిమిషాల్లో నేర్పగలిగిన పనులు తిప్పండి: నీళ్లు, దారుల కలుపు, ఊడ్పు, దోమల తనిఖీ. చూసి చూసి చెయ్యి తిరగాల్సిన పనులు ఒక జంటకే ఆరు నెలలు అప్పగించండి: కంపోస్టు, డ్రిప్, నారుమడి. కంపోస్టు కుప్ప పోయినవారం ఎంత వేడిగా ఉందో తెలిసినవాళ్లకే ఈవారం ఏం చెయ్యాలో తెలుస్తుంది. వారానికో చెయ్యి మారితే ఒకరు నీళ్లు పోస్తారు, పైవారం ఇంకొకరు మళ్లీ పోస్తారు, మూడోవారం కుప్ప కంపు కొడుతుంది.

ఆరు నెలల పని తీసుకున్న జంటకు నీళ్ల వంతు ఉండకూడదు. చివరి నెలలో తర్వాతి జంట వాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి.

వంతుల పట్టిక ఎలా రాయాలి?

ఒక్కరిని కాదు, జంటను వెయ్యండి. ఒకరు పాతవాళ్లు, ఒకరు కొత్తవాళ్లయితే నేర్పడమూ అందులోనే అయిపోతుంది. భార్యాభర్తల్ని ఒకే జంటగా వేస్తే ఊరెళ్లినప్పుడు ఇద్దరూ లేకుండాపోతారు, వేర్వేరు ఇళ్లవాళ్లను కలపండి. నీళ్ల పని బరువైనదని మగవాళ్లకు, ఊడ్పు ఆడవాళ్లకు అని విడదీయకండి. పైపు లాగడం ఎవరికైనా వచ్చే పనే.

నీళ్ల వంతుకు ఒక ఇంటికి ఒక వారమంతా కాకుండా వారంలో ఒక రోజు ఇవ్వండి. మంగళవారం వచ్చేవాళ్లు ఎప్పుడూ మంగళవారమే వస్తారు, గుర్తుంచుకోవడం తేలిక. రోజుకు ఇద్దరు చొప్పున ఏడు రోజులకు 14 మంది చాలు. మిగతా పది ఇళ్లకు కంపోస్టు, డ్రిప్, నారుమడి, కలుపు, పనిముట్లు.

పట్టిక గేటు దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టింది శుభోదయం సందేశాల కింద పడిపోతుంది. బోర్డు పక్కనే తాడుకు కట్టిన పెన్నుతో ఒక నోటుపుస్తకం పెట్టండి. వంతు అయ్యాక ఒక్క వాక్యం రాయాలి: "నీళ్లు పెట్టాం, 17వ మడి దగ్గర పైపు కారుతోంది." రేపు వచ్చేవాళ్లు ముందు ఆ పేజీ చదవాలి.

నీళ్ల వంతులో సరిగ్గా ఏం చెయ్యాలి?

ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో మడికి రోజుకు సుమారు 30 లీటర్లు కావాలి, అంటే పది లీటర్ల డబ్బాతో మూడు. చదరపు మీటరుకు ఆరేడు లీటర్ల లెక్క అది. చలికాలంలో ఇందులో సగం చాలు.

పైపుతో పెట్టేటప్పుడు ముందు దాని ధార కొలవండి. 15 లీటర్ల బకెట్టు పెట్టి నిండడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో చూడండి. నిమిషం పడితే ఒక్కో మడికి రెండు నిమిషాలు. 24 మడులకు 48 నిమిషాలు, పైపు లాగడంతో కలిపి గంట. కొలవకుండా పెట్టేవాళ్లు మొదటి పది మడుల్ని ముంచి, చివరి మడులకు తడి చూపించి వెళ్లిపోతారు. చెయ్యి అలసిపోయి జరిగేదే కానీ, నష్టం మాత్రం ఎప్పుడూ చివరివాళ్లదే. అందుకని ఒకరోజు ఒకటో మడి నుంచి, మర్నాడు 24వ మడి నుంచి మొదలుపెట్టండి.

వేళ ఉదయం ఎనిమిది లోపు. కుదరకపోతే సాయంత్రం ఐదున్నర తర్వాత. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో నేల మీద పడి ఉన్న నల్ల పైపులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. సాయంత్రం కుళాయి తిప్పగానే ఆ నీళ్లు లేత నారు మీద పడితే మాడిపోతుంది. మొదటి నీళ్లు బకెట్టులోకి వదిలి, ధార చల్లబడ్డాక మడిలోకి తిప్పండి. బకెట్టులోవి ఆరాక దారిలో చల్లుకోవచ్చు.

నీళ్లు ఆకుల మీద కాదు, మొదట్లో పడాలి. సరిపోయాయో లేదో తెలియాలంటే మడిలో వేలు దించండి. రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆ రోజుకు ఆ మడిని వదిలేయండి. నల్లరేగడి పైన ఎండి పగుళ్లిచ్చినా అడుగున తడి పట్టుకుని ఉంటుంది. కృష్ణ ఒడ్డున ఉండే ఇసుకపాటి నేలలో సంగతి దీనికి తలకిందులు, పైన తడిగా కనిపించినా లోపల నీరు జారిపోయి ఉంటుంది.

వరిగడ్డి గానీ ఎండాకు గానీ మూడు అంగుళాల మందాన పరిస్తే నీళ్ల పని బాగా తగ్గుతుంది. మొక్క మొదలుకు ఆనించకుండా రెండు అంగుళాలు వదలండి, లేకపోతే కాండం కుళ్లుతుంది.

డ్రిప్ వేయించుకుంటే నీళ్ల వంతే అక్కర్లేదు కదా?

నీళ్లు పెట్టే పని తగ్గుతుంది, చూసే పని అలాగే ఉంటుంది. లెక్క చూడండి: మడికి రెండు వరసలు, ఒక్కో వరసకు అడుగుకొకటి చొప్పున 12 డ్రిప్పర్లు, గంటకు 4 లీటర్లవి. మడికి గంటకు 96 లీటర్లు పడతాయి, అంటే 30 లీటర్లకు 20 నిమిషాలు. 24 మడులూ ఒకేసారి తిప్పితే నిమిషానికి 38 లీటర్లు కావాలి. నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే కుళాయి దానికి చాలదు, చివరి డ్రిప్పర్లు ఏడుస్తున్నట్టు ఒక్కో చుక్కే కారుస్తాయి. ఎనిమిదేసి మడులకు ఒక వాల్వు పెట్టి మూడు విడతలుగా వదలండి. గంటలో అయిపోతుంది.

డ్రిప్ జంట ప్రతి ఆదివారం ఫిల్టరు విప్పి, జాలీని పాత టూత్‌బ్రష్‌తో లోపలా బయటా కడగాలి. జాలీ చిరిగితే కడిగి లాభం లేదు, మార్చాల్సిందే. పదిహేను రోజులకోసారి వరసల చివర మూతలు తీసి, తేట నీళ్లు వచ్చేదాకా వదలాలి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే డ్రిప్పర్ నోటి దగ్గర తెల్లటి పొక్కు కడుతుంది. ఊడదీయడానికి వీలైనవైతే వెనిగర్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి కడగండి. పిన్నుతో పొడిస్తే రంధ్రం పెద్దదై ఒక్క మొక్కే మొత్తం తాగేస్తుంది.

కలుపు తీసేటప్పుడు పైపుకు కొడవలి తగిలి కోతపడటం మామూలే. పదహారు మిల్లీమీటర్ల జాయినర్లు ఓ అరడజను షెడ్డులో ఎప్పుడూ ఉంచండి. కోసినవాళ్లు నోటుపుస్తకంలో రాస్తే చాలు, తప్పు పట్టకూడదు. తప్పు పడితే ఈసారి చెప్పరు.

కంపోస్టు జంట ఏం చెయ్యాలి? వాసన రాకుండా ఎలా?

మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుతో రెండు గూళ్లు కావాలి. ఇటుకల మధ్య సందులు వదిలి పేర్చినా చాలు. ఒకటి నిండుతుంటే రెండోది మాగుతుంటుంది. ఒకటే గూడు ఉంటే పైన కొత్త తొక్కలు పడుతూనే ఉంటాయి, ఎప్పటికీ ఎరువు తయారవదు.

ఒక గంప పచ్చి చెత్తకు మూడు గంపల ఎండాకు. ఇదొక్కటి పాటిస్తే సగం ఇబ్బందులు రావు. రైతుబజారులో కూర మట్టలు, క్యాబేజీ ఆకులు అడిగితే బస్తాలకొద్దీ ఇస్తారు కానీ ఎండాకు నిల్వ లేకుండా తేవద్దు. చెరకురసం బండి దగ్గర పిప్పి మంచి సరుకే, రెండు రోజులు ఎండబెట్టి వెయ్యండి, లేకపోతే ఈగలు ముసురుతాయి. కొబ్బరిబోండాల డిప్పలు గూట్లో వెయ్యొద్దు. ఏళ్ల తరబడి కుళ్లవు, పైగా వాన నీళ్లు నిలిచి దోమలు పుడతాయి. అన్నం, మాంసం, చేప వేస్తే ఎలుకలొస్తాయి, వాటి వెనకే పాములూ వస్తాయి.

పదిహేను రోజులకోసారి పారతో తిరగెయ్యాలి. తడి తెలుసుకోవడానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు కారితే సరిగ్గా ఉంది. ధార కారితే ఎండాకు కలిపి తిరగెయ్యండి. అసలు కారక, చీమలు పట్టి ఉంటే నీళ్లు చల్లండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే లోపల గాలి లేదని అర్థం. వేడి చూడటానికి గునపం కుప్ప మధ్యలో దించి పది నిమిషాలాగి లాగండి. చేత్తో ఎక్కువసేపు పట్టుకోలేనంత వేడిగా ఉంటే పని జోరుగా సాగుతోంది. చల్లగా ఉంటే తిరగేసే వేళయింది. సుమారు మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఎరువు చేతికొస్తుంది.

తిరగేసేటప్పుడు బొటనవేలంత లావున తెల్లటి పురుగులు కనిపిస్తే కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. కొబ్బరి చెట్లున్న చోట వాటిని వదలొద్దు, ఏరెయ్యండి.

దారుల్లో కలుపు పీకినా మళ్లీ వస్తోంది. ఎందుకు?

చాలావరకు తుంగ వల్ల. పైన ఆకు తెంపితే కింద గడ్డ మళ్లీ మొలుస్తుంది, పక్కకు పాకి పిల్లలు పెడుతుంది. బొరిగెతో అరడుగు లోతు నుంచి గడ్డతో సహా తీసి, సిమెంటు గచ్చు మీద వారం రోజులు ఎండబెట్టాలి. తుంగ గడ్డ, గరిక వేరు కంపోస్టులో వేస్తే తోటంతా నాటుకున్నట్టే. వయ్యారిభామను పూత రాకముందే పీకాలి, ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. దద్దుర్లు, ఆయాసం ఉన్నవాళ్లకు ఈ పని అసలు వెయ్యకండి.

పనిముట్ల బాధ్యత ఎలా?

ప్రతి పనిముట్టుకూ పెయింటుతో ఒక నెంబరు. షెడ్డు గోడ మీద దాని ఆకారం గీసి మేకు కొడితే ఏది తిరిగి రాలేదో చీకట్లోనూ తెలుస్తుంది. 24 ఇళ్లకు నాలుగు పారలు, రెండు గునపాలు, ఆరు బొరిగెలు, నాలుగు కొడవళ్లు, రెండు దంతెలు, రెండు కొమ్మల కత్తెరలు, ఆరు తట్టలు చాలు. వాడినవాళ్లే మట్టి గీకి, తుడిచి పెట్టాలి. నెలకోసారి పనిముట్ల జంట నూనె రాసి, పిడులు చూడాలి. ఎండాకాలంలో కర్ర ఎండి పార తల ఊగుతుంది. నీళ్లలో నానబెడితే ఆ పూటకు బిగుస్తుంది, ఆరాక మళ్లీ వదులవుతుంది. చెక్క చీలిక దిగ్గొట్టడమే సరైన పద్ధతి.

పురుగుమందు ఎవరు కొట్టాలి? ఎవరికి వాళ్లు కొట్టుకోవచ్చా?

వద్దు. ఒక మడిలో కొట్టిన మందు గాలికి పక్క తోటకూర మీద పడుతుంది, అది ఆ సాయంత్రమే ఎవరి కూరలోకో వెళ్తుంది. ఏది కొట్టాలన్నా ఇద్దరు సభ్యులు చూసి, బోర్డు మీద తేదీ రాశాకే.

పేనుబంక, తెల్లదోమ, పిండినల్లికి పది లీటర్ల నీళ్లకు 50 మిల్లీలీటర్ల వేపనూనె. ముందుగా నూనెలో పది మిల్లీలీటర్ల సబ్బు ద్రావణం కలిపి, తర్వాత నీళ్లు పొయ్యాలి. ఈ వరస తిరగేస్తే నూనె పైన తేలి, చివర్లో కొట్టిన మొక్కలు మాడతాయి. ఆకు అడుగున పడేలా, సాయంత్రం ఐదు దాటాకే కొట్టండి. బెండలో ఈనెలు పసుపు పచ్చగా మారితే అది పల్లాకు తెగులు, మందుకు తగ్గదు. మొక్క పీకేసి, తెల్లదోమను అదుపు చెయ్యాలి. 

జీవామృతం అనే ద్రవ ఎరువు చేసే తోటలకు కొలత: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు, పూటకోసారి కలుపుతూ. వారంలోపు వాడెయ్యాలి. కలిపే రెండు రోజులకూ పేర్లు ముందే రాయండి.

దోమలు, పాముల సంగతి?

దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం, పది రోజులు పడుతుంది. అందుకే ప్రతి శుక్రవారం డ్రమ్ములు, కుండీ పళ్లాలు, బోర్లించని తట్టలు అన్నీ ఖాళీ చేసి, లోపల పీచుతో రుద్ది ఆరనివ్వాలి. నీళ్లు పారబోస్తే చాలదు, గుడ్లు అంచుకు అంటుకుని ఉంటాయి. డ్రమ్ము మూత బిగించలేకపోతే దోమతెర గుడ్డ కట్టండి.

చీకటి పడ్డాక ఒంటరిగా వంతు వద్దు. టార్చి, కాళ్లకు గమ్‌బూట్లు ఉండాలి. వరిగడ్డి, ఇటుకల కుప్పల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. పాము కాటేస్తే కొయ్యడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చెయ్యొద్దు. ఉంగరాలు, గాజులు తీసి, కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

వానలు, తుఫాను రోజుల్లో వంతులు ఆపెయ్యొచ్చా?

నీళ్ల వంతు ఆగుతుంది, దాని బదులు కాలవల వంతు మొదలవుతుంది. జూన్ మొదటివారానికే మడుల మధ్య కాలవలు జానెడు లోతున తీసి, చివర మురుగు పోయే దారిలో ఆకులు అడ్డం లేకుండా చూడాలి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక రాగానే ఆ రోజు జంట, పక్క రోజు జంట కలిసి ముదిరిన కాయలు కోసి, బీర, సొర పందిళ్లను పురికొసతో మళ్లీ బిగించి, షేడ్ నెట్ విప్పెయ్యాలి. విప్పని నెట్ తెరచాపలా మారి గుంజలతో సహా లేస్తుంది.

వాన వెలిసిన వెంటనే నల్లరేగడిలో దిగొద్దు. నేల పదునుకు రావాలి. గుప్పెడు మట్టి ఉండ కట్టి మోకాలెత్తు నుంచి వదలండి. చితికి అంటుకుంటే ఇంకా రెండు రోజులు ఆగండి, పొడిగా విడిపోతే పని మొదలుపెట్టొచ్చు. తడిలో తొక్కిన మడి ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటిలా మురుగు కలిసిన వరద తోటలోకి వస్తే, నీరు తాకిన ఆకుకూరలు, దుంపలు తినకూడదు. గట్టి మనసుతో పీకి పారెయ్యాలి, కడిగినా పోదు.

వంతు ఎగ్గొట్టేవాళ్లను ఏం చెయ్యాలి?

మొదటిసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడగాలి. చాలాసార్లు ఆస్పత్రో, పిల్లల పరీక్షలో, ఆఫీసు వేళలు మారడమో ఉంటుంది. గ్రూపులో అందరి ముందూ పేరు పెట్టి అడగొద్దు. అలా అడిగించుకున్న మనిషి వంతుకు రాకపోగా తోటకే రావడం మానేస్తారు.

రాలేనివాళ్లు తమ బదులు మనిషిని తామే చూసుకోవాలి, ఆ పేరు ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు చెప్పాలి. నెలలో రెండుసార్లు చెప్పకుండా మానితే ఆ గంటలు తర్వాతి నెలలో కలుపు పనిలో జమ చెయ్యాలి. జరిమానా కన్నా ఇదే మేలు. డబ్బు కట్టించుకుంటే ఉన్నవాళ్లు కట్టేసి ఊరుకుంటారు, వాళ్ల పని లేనివాళ్ల మీద పడుతుంది. మూడు నెలలైనా మారకపోతే మడి వెనక్కి తీసుకుంటామని మడి ఇచ్చేరోజే కాగితం మీద రాసుకోండి.

పెద్దవాళ్లు, పిల్లలు ఏం చెయ్యొచ్చు?

నారుమడి పెద్దవాళ్ల చేతుల్లో బాగుంటుంది. టేబులెత్తున ట్రేలు పెడితే వంగే పని ఉండదు. టమాటా, వంగ నారు 25 నుంచి 30 రోజులు రోజూ చూడాలి, తడి ఎక్కువైతే నారుకుళ్లు పట్టి రాత్రికి రాత్రి మొదళ్లు మెత్తబడి పడిపోతాయి. ఆ ఓపిక, ఆ కన్ను వాళ్లకుంటాయి. బెండ, గోంగూర, బీర విత్తనాలు ఎండబెట్టి, పేరు, తేదీ రాసి సీసాల్లో పెట్టడమూ వాళ్ల పనే. పిల్లలకు ఎరువు జల్లెడ పట్టడం, ఎండాకు ఏరడం ఇవ్వండి. కొడవలి, మందులు మాత్రం వద్దు.

మనిషిని పెట్టుకుంటే ఈ బాధంతా ఉండదు కదా?

బరువు పనులకు, గుంటలు తవ్వడానికి, కంచెకు కూలికి పెట్టుకోండి, తప్పులేదు. రోజువారీ పనికి పెడితే మాత్రం ఆరు నెలల్లో అది తోటమాలి తోట అవుతుంది, సభ్యులు కూరలు పట్టుకెళ్లడానికి మాత్రమే వస్తారు.

సంక్రాంతికి అందరం ఊళ్లకు వెళ్తాం. ఆ నాలుగు రోజులూ తోట ఎలా?

డిసెంబరు చివర్లోనే బోర్డు మీద "ఊళ్లో ఉండేదెవరు?" అని రాసి పేర్లు అడగండి. నలుగురు దొరికితే చాలు, జనవరి చలికి రోజు విడిచి రోజు తడి సరిపోతుంది. భోగికి ముందురోజు మడులన్నిటికీ నిండుగా నీళ్లు పెట్టి, గడ్డి కప్పండి. కోతకొచ్చిన బెండ, చిక్కుడు, టమాటా ఆ సాయంత్రమే కోసి, ఉండేవాళ్లకూ వెళ్లేవాళ్లకూ పంచెయ్యండి. బెండ నాలుగు రోజులు వదిలితే ముదిరి కొత్త పూత ఆపేస్తుంది. ఉండే నలుగురికీ దసరా సెలవుల్లో వంతు మాఫీ చెయ్యండి. గేటు తాళం ఒకటి, షెడ్డు తాళం ఒకటి వాళ్లలో ఒకరి చేతికిచ్చి, ఎవరికిచ్చారో నోటుపుస్తకంలో రాయండి. మోటారు మెయిన్ ఆపి వెళ్లే పని ఆఖరి జంటది.